చక్కెర తగ్గాల్సింది ఒక్కరి కప్పులోనే కాదు

తెలుగు ఇళ్లలో చక్కెరకు పగ్గం పడేది ఎవరో ఒకరికి షుగర్ ఉందని తేలాకే. ఆ రోజు నుంచి తాతయ్య టీ కప్పు వేరవుతుంది, లడ్డూల పళ్లెం ఆయన్ని దాటుకుని వెళ్తుంది. మిగతావాళ్ల టీలో రెండు చెంచాలు మాత్రం మామూలే. పిల్లల పాలలో ఇంకాస్త ఎక్కువే పడుతుంది, లేకపోతే తాగరని. ఈ జబ్బు వంశంలో నడుస్తుందని బాగా తెలిసిన ఇళ్లలోనూ ఇదే తంతు జరగడం బాధ కలిగిస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించిన, 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారు. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. దీనికంతటికీ చక్కెరే కారణం కాదు. పూటపూటా తెల్లన్నం, ఒళ్లు కదలని ఉద్యోగం, వంశపారంపర్యం అన్నీ తోడవుతాయి. కానీ వీటిలో ఇంటిల్లిపాదీ రేపటి నుంచే తగ్గించుకోగలిగింది, తగ్గించినా ఒంటికి ఏ పోషకమూ లోటు రానిది చక్కెర.

ఎంతవరకు తినొచ్చు? రోజువారీ కేలరీల్లో 10 శాతం దాటొద్దని, 5 శాతం లోపైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 5 శాతాన్నే హద్దుగా పెట్టింది. 2,000 కేలరీలు తినే మనిషికి అది 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకు మూడు కిలోలు. బిస్కెట్లలో, కెచప్‌లో, బేకరీ కేకుల్లో ఉన్నదంతా ఈ మూడు కిలోల్లోనే సర్దుకోవాలి. చాలా కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు పది గ్రాములకు అటూఇటూగా చక్కెర ఉంటుంది కాబట్టి పావు లీటరు సీసాతోనే ఆ రోజు వాటా అయిపోతుంది. డబ్బాలో పోసుకునే చక్కెరే నెలకు నాలుగైదు కిలోలైతే, లెక్క ఎప్పుడో తప్పింది. బెల్లం, తేనె కూడా ఇందులోవే. బెల్లంలో కాస్త ఇనుము ఉన్న మాట నిజమే, అయినా అందులో అధిక భాగం చక్కెరే. పండు కొరికి తింటే లెక్కలోకి రాదు, రసం తీసి తాగితే వస్తుంది.

పసివాళ్ల విషయంలో బ్రిటన్ అనుభవం కళ్లు తెరిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ చక్కెరకు రేషన్ పెట్టారు. 1953 సెప్టెంబరులో ఎత్తేయగానే వాడకం దాదాపు రెట్టింపైంది. రేషన్ రోజుల్లో కడుపున పడి తొలి రెండేళ్లు పెరిగినవాళ్లను, ఆ తర్వాత పుట్టినవాళ్లతో పరిశోధకులు పోల్చారు. ఆ ఫలితాలు 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మొదటివాళ్లలో టైప్-2 మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, అధిక రక్తపోటు ముప్పు సుమారు 20 శాతం తక్కువ. అన్నప్రాశన నాడు నాలుకకు రాసే పాయసాన్ని ఎవరూ కాదనరు. ఆ మర్నాటి నుంచి పాలలో, ఉగ్గులో రోజూ కలిపే చక్కెరే పిల్లల నాలుకను తీపికి కట్టేస్తుంది.

మార్కెట్ కూడా తల్లిదండ్రులకు సాయపడదు. ఓఆర్ఎస్ పేరుతో తీపి పానీయాల అమ్మకంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. ప్రమాణాలకు సరిపోని పానీయాలపై ఆ పేరు వాడొద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది 2025 అక్టోబరులో. అదే ఏడాది మేలో సీబీఎస్ఈ తన బడుల్లో, దేనిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు చూపే ‘షుగర్ బోర్డులు’ పెట్టమంది. మంచి పనే, కానీ బడిలో చదివింది ఇంట్లో కనిపించకపోతే పిల్లలు ఎందుకు నమ్ముతారు?

సంక్రాంతి అరిసెలను, పెళ్లి లడ్డూలను వదులుకోమని ఎవరూ అడగడం లేదు. అవి ఏడాదిలో కొన్ని రోజులే. మార్చుకోవాల్సింది రోజూ జరిగే వాడకం. టీలో వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక దారికొస్తుంది. ఫ్రిజ్‌లో కూల్‌డ్రింక్ స్థానంలో మజ్జిగ ఉంచండి. రెండేళ్లలోపు బిడ్డ ఉంటే పాలలో చక్కెర అసలు వేయకండి. వచ్చే నెల సరుకుల చీటీలో చక్కెరను ఒక కిలో తగ్గించి రాయండి, షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉన్నా లేకపోయినా.