పేగు పంపే కబురు

తుగ్గలి నుంచి ఒక గృహిణి ఇలా వ్రాశారు: "మా వారికి 52 ఏళ్లు. ఆరేళ్లుగా చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతున్నారు. పరగడుపున పరీక్ష ఫరవాలేదు గాని, అన్నం తిన్న రెండు గంటలకు 240, 260 ఉంటోంది. బెంగుళూరులో ఉన్న మా మరిది వారానికి ఒకసారి వేసుకునే ఇంజక్షనుతో సన్నబడ్డాడు. మాకూ బస్సులో పంపిస్తానంటున్నాడు. టమోటా డబ్బు చేతికి రాగానే కొందామనుకుంటున్నాము. అది పేగులో పుట్టే మందట, నిజమేనా? మా అత్తగారి కాలంలో కొర్రన్నం, సంగటి తిన్నవాళ్లకు లేని జబ్బు మాకెందుకు వచ్చింది?"

అమ్మా, మీ రెండు ప్రశ్నలూ పేగు దగ్గరే కలుస్తాయి. ఇవే ప్రశ్నలు అడిగేవారు ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ఎందరో ఉంటారు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

పేగు వట్టి గొట్టం కాదు

పేగు అంటే తిన్నది అరిగించే గొట్టమేనని చాలామంది అనుకుంటారు. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. పేగుకు వెళ్లే నరాలను తెంచి, ఆ పేగులో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమ గ్రంథిలో రసం ఊరింది! అంటే పేగు రక్తం ద్వారా కబురు పంపిందన్నమాట. ఆ కబురు మోసిన పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇటువంటి పదార్థాలను 1905లో స్టార్లింగ్ హార్మోనులన్నాడు. హార్మోను అనే మాట పుట్టిందే పేగు పుణ్యాన.

1964లో మరొక సంగతి బయటపడింది. గ్లూకోజును సూదితో రక్తంలోకి ఎక్కించినప్పటికంటే, నోటితో త్రాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుంది. ఆహారం వస్తున్నదని క్లోమానికి పేగు ముందుగానే హెచ్చరిక పంపుతుంది.

ఆ హెచ్చరికలలో ముఖ్యమైనది జి.ఎల్.పి.-1 అనే హార్మోను. అమెరికాలోని బోస్టన్‌లో హేబెనర్, స్వెత్లానా మొయ్సోవ్ దాని మీద పని చేశారు. 1984లో టొరంటో నుంచి డ్రకర్ అనే యువ వైద్యుడు థైరాయిడ్ గ్రంథిని పరిశోధించాలని హేబెనర్ వద్దకు వెళితే, ఆయనకు ఈ పని అప్పగించారు. ఈ హార్మోను ఇన్సులిన్‌ను ఊరిస్తుందని 1987లో వాళ్లూ, కోపెన్‌హేగన్‌లో హోల్స్ట్ బృందమూ చూపించారు.

ఈ హార్మోను మూడు పనులు చేస్తుంది. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్‌ను పెంచుతుంది. జీర్ణకోశం నుంచి ఆహారం నెమ్మదిగా దిగేటట్లు చూస్తుంది. ఇక చాలని మెదడుకు చెబుతుంది. అయితే రక్తంలో దీని ఆయుస్సు ఒకటి రెండు నిమిషాలే. మీ మరిది వేసుకుంటున్నది దీనికి నకలు వంటిది; వారం రోజులు నిలిచేటట్లు తయారు చేశారు. కాబట్టి అది పేగులో పుట్టే మందు కాదు, పేగు హార్మోనును పోలిన మందు.

సంగటి మహిమ ఎంత?

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే. జొన్నలలో 10, రాగులలో, సజ్జలలో 11 గ్రాముల పైన. ఈ పీచును మనం అరిగించుకోలేము. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి కొన్ని ఆమ్లాలను తయారు చేస్తాయి. ఆ ఆమ్లాలు పేగు కణాలను తట్టి జి.ఎల్.పి.-1ను విడుదల చేయిస్తాయి. అంతేకాదు, మన రోగ నిరోధక కణాలు ఎన్నో పేగు గోడను కాపలా కాస్తుంటాయి. ఈ ఆమ్లాలు వాటిని అదుపులో ఉంచుతాయి. పీచు లేని ఆహారం పెట్టిన ఎలుకలలో, ఆకలిగొన్న సూక్ష్మజీవులు పేగు లోపలి జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. కాపలా కణాలు అతిగా రేగితే శరీరంలో సన్నని తాపం నిలిచిపోయి, ఇన్సులిన్ సరిగా పని చేయదు.

అలాగని తప్పంతా బియ్యానిదే అనకండి. ఒంటి కష్టం తగ్గింది, నడుము కొలత పెరిగింది, ఆయుర్దాయమూ పెరిగింది. అత్తగారి కాలంలో రక్తపరీక్ష చేయించుకున్నవారు మాత్రం ఎందరు? సంగటి కూడా పిండి పదార్థమే. పలుచని రాగి జావ చక్కెరను త్వరగా పెంచుతుంది.

ఇంట్లో చేయవలసినవి

1. ముందు ఆకుకూర, పప్పు, అలసందల వంటివి తినాలి. అన్నం, సంగటి ఆ తరువాత. 2015లో న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలవారు 11 మంది రోగులకు ఒకే భోజనాన్ని రెండు వరుసలలో పెట్టి చూశారు. కూరలు, మాంసం ముందు తిన్న రోజున గంట తరువాతి చక్కెర మూడో వంతుకు పైగా తక్కువగా ఉంది. చిన్న పరీక్షే, కాని ఖర్చు లేని ఉపాయం.

2. సంగటిలో బియ్యం పాలు తగ్గించండి. ముద్ద పరిమాణం కూడా తగ్గించండి. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. నెమ్మదిగా పెంచి, నీళ్లు బాగా త్రాగించండి.

3. ఉగ్గాని మానలేకపోతే బొరుగులు సగం చేసి, పుట్నాల పొడి, ఉల్లి, టమోటా పెంచండి. బజ్జీలు పండుగకు ఉంచండి.

4. భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు నడిపించండి.

ఇక ఇంజక్షను సంగతి

అది మంచి మందే. కాని మరిదికి పడింది కనుక అన్నకు పడుతుందనుకోకూడదు. మొదట్లో వాంతులు, వికారం సాధారణం. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిన మనిషి ఎండలో చేనిపని చేస్తే మూత్రపిండాలు దెబ్బ తినవచ్చు. క్లోమం వాచిన చరిత్ర ఉన్నవారికి తగదు. థైరాయిడ్ క్యాన్సరులో ఒక రకం వంశంలో ఉన్నవారు వాడకూడదు. కంటి పొర దెబ్బతిని ఉంటే, చక్కెర ఒక్కసారిగా పడిపోయినప్పుడు చూపుకు కీడు జరగవచ్చు. గ్లిమెపిరైడ్ వంటి మాత్రతో కలిస్తే చక్కెర ప్రమాదకరంగా తగ్గవచ్చు. మానేస్తే తగ్గిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది. పైగా తెరవని మందును ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎండలో బస్సెక్కి వచ్చిన పార్సిలును నమ్మలేము.

కనుక టమోటా డబ్బుతో ముందు మూడు నెలల సగటు చక్కెర పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, కంటి పరీక్ష చేయించండి. ఆ కాగితాలతో పత్తికొండలోనో ఆదోనిలోనో వైద్యుణ్ణి కలవండి. మీ వారి సొంత జి.ఎల్.పి.-1 త్వరగా విరిగిపోకుండా కాపాడే గ్లిప్టిన్ మాత్రలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నిటి ధర ఇప్పుడు బాగా తగ్గింది. అవి సరిపోతాయేమో అడగండి. డాక్టరు చెప్పనిదే ఇప్పటి మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దు.

పార్సిలు పంపవద్దని మీ మరిదికి ఈ రోజే చెప్పండి. ఆయన వైద్యుణ్ణి అడగకుండా వేసుకుంటూ ఉంటే, ఈ మాటలు ఆయనకూ వర్తిస్తాయి.