నూనె ఒకటి, చాకిరీలు నాలుగు

నూనెల విషయంలో మన ఇళ్ళలో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. ఆవకాయకు నువ్వులనూనె, అప్పడాలకు వేరుశెనగనూనె, తలకు కొబ్బరినూనె. ఆముదంలో గారెలు వేయమంటే ఏ ఇల్లాలైనా మనని ఎగాదిగా చూస్తుంది. అదే ఇంట్లో, ఏడెనిమిది లక్షలు పోసి కొన్న ట్రాక్టరు దగ్గరకు వచ్చేటప్పటికి మాత్రం, "ఏదో ఒక గేరాయిలు పొయ్యరా అబ్బీ" అనేస్తారు ఇంటి పెద్ద.

ట్రాక్టరు గొడవ మాకెందుకని పేజీ తిప్పకండి. ఊళ్ళో పొలం తమ్ముడు చూస్తూంటే, బండి వాయిదాలు పట్నంలో అన్నగారు కట్టే ఇళ్ళు నాకు చాలా తెలుసు.

ఇంజనులో పోసే నూనె సంగతి కాదు నేను చెప్పేది. సీటు కింద, వెనక చక్రాల మధ్య ఉండే పెద్ద ఇనప పెట్టెలోని నూనె గురించి. పూర్వం నాగలిని ట్రాక్టరుకు తోకలా తగిలించి లాగించేవారు. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ దాన్ని మూడు కడ్డీలతో బండికే అమర్చి, నూనె ఒత్తిడితో పైకి లేపే ఏర్పాటు చేశాడు. 1946లో ఇంగ్లండులోని కవెంట్రీలో తయారీ మొదలైన ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టరులో, గేర్లు మునిగే నూనే లిఫ్టును కూడా లేపేది. 1960లో మద్రాసులో వెలసిన టాఫే వారు మాసీ ఫెర్గూసన్ బండ్లు చేయటంతో ఆ వంశం మన పొలాల్లోకీ దిగింది.

ఇప్పటి బండ్లలో ఆ ఒక్క నూనె నాలుగు చాకిరీలు చేస్తుంది. గేర్ల పళ్ళు అరక్కుండా చూస్తుంది. లిఫ్టును ఎత్తుతుంది. పుట్టిన వేడిని మోసుకుపోతుంది. నాలుగోది అసలైనది: బ్రేకు బిళ్ళలు కూడా చాలా బండ్లలో ఈ నూనెలోనే మునిగి ఉంటాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. గేర్లకు చిక్కటి నూనె హాయి; పంపుకు పలచటిది కావాలి. బ్రేకులకు మరీ జారుడు పనికిరాదు, మరీ పట్టూ పనికిరాదు. జారితే బండి ఆగదు. పట్టు సరిగా కుదరకపోతే కీచుమని అరిచి, గడగడ వణికి ఆగుతుంది. ఈ నలుగురినీ మెప్పించే నూనెనే యు.టి.టి.ఓ. అంటారు. డబ్బా మీద ఆ అక్షరాలుంటాయి.

పాత బండ్లలో చాలావాటికి బ్రేకులు నూనెకు బయట, పొడిగా ఉండేవి. గేరు పెట్టెలో 90 నంబరు పోసి కాలక్షేపం చేసిన మేస్త్రీలు ఆ అలవాటునే కొత్త బండికీ తెస్తారు. పైగా, "40 కంటె 90 రెండింతలు చిక్కన బాబూ" అంటారు. కాదు. ఇంజను నూనెలకు ఒక కొలబద్ద, గేరు నూనెలకు మరొకటి. 90 నంబరు గేరాయిలు చిక్కదనంలో ఇంచుమించు 40, 50 నంబర్ల ఇంజనాయిలుకు సమానం. అసలు చిక్కదనం ఒక్కటే చూస్తే చాలదు. బ్రేకు బిళ్ళలకు కావలసిన మందు అందులో కలిపారా లేదా అన్నది వేలితో తాకి, రంగు చూసి తెలుసుకునే సంగతి కాదు.

పేరు చూసి మోసపోవటమూ ఉంది. అమెరికాలో జాన్ డీర్ వారి 303 అనే నూనెకు ఒకప్పుడు గొప్ప పేరు. బ్రేకుల పట్టు కోసం అందులో స్పెర్మ్ తిమింగిలం నూనె కలిపేవారు. 1970లో అక్కడి ప్రభుత్వం ఆ తిమింగిలాన్ని నశించిపోతున్న జీవుల పట్టికలో చేర్చటంతో ఆ నూనెకు కాలం చెల్లింది. కంపెనీ కొత్త ప్రమాణాలకు మారింది. కాని 303 అన్న అంకె చావలేదు! ఎవరెవరో పసుపు బక్కెట్లలో ఆ పేరుతో చవకనూనె అమ్ముతూనే వచ్చారు. చివరకు 2017లో మిస్సోరీ రాష్ట్రం ఆ సరుకు అమ్మకాన్ని నిషేధించింది. నలభై ఏళ్ళ కిందట పోయిన సరుకు పేరు చూసి రైతులు డబ్బు పోశారన్నమాట.

మన దగ్గర ఆశ పుట్టేది ధర దగ్గర. ఇంజనుకు ఏడెనిమిది లీటర్లు చాలితే, ఈ పెట్టెకు ఏభై లీటర్ల దాకా పట్టే బండ్లున్నాయి. చవక డబ్బా కొంటే రెండు మూడు వేలు మిగిలినట్టే కనిపిస్తుంది. బ్రేకు బిళ్ళలు మార్చాలంటే వెనక భాగమంతా విప్పాలి. అది డబ్బు మాట. నాట్లకు మనుషుల్ని ఎక్కించుకున్న ట్రాలీతో కాలవగట్టు దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే అది డబ్బు మాట కాదు.

దమ్ము చేసే చోట మరో జాగ్రత్త. నూనె పాలలా తెల్లబడిందంటే నీళ్ళు చేరాయన్నమాట. పైపైన కొంచెం పోసి సరిపెట్టకుండా, నీరు ఎటునుంచి వచ్చిందో చూసి బాగుచేయించి, మొత్తం దించి కొత్తది పోయించాలి. ఎత్తి కుమ్మరించే ట్రాలీని ఇరుగుపొరుగుకు అరువిస్తారు కదా, ఆ జాకీలో మిగిలిన వారి బండి నూనె మీ బండిలోకి వస్తుంది. వారు ఏది పోశారో ఒక్కమాట అడగటంలో తప్పులేదు. మట్టం చూసేటప్పుడు బండి చదునైన నేలమీద, ఇంజను ఆపి, లిఫ్టు దించి ఉండాలి.

ఏ నూనె పొయ్యాలి అంటే నా జవాబు ఒక్కటే: బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ ప్రమాణం వ్రాశారో, డబ్బా మీద అదే అక్షరం, అదే అంకె ఉన్నది. ఎన్ని గంటలకు మార్చాలో కూడా అందులోనే ఉంటుంది. ఈ ఆదివారం ఊరు వెళితే ఆ పుస్తకం ఎక్కడుందో అడగండి. సామాన్యంగా అది బీరువాలో, పెళ్ళి ఆల్బం కింద, కవరు కూడా విప్పకుండా భద్రంగా ఉంటుంది.