భీముడు గుడ్లు పెట్టాడు

పోయినవారం ఈ శీర్షికలో కుండీల్లో కొత్తిమీర పెంచడం గురించి రాసి, ఈవారం ఊసరవెల్లి గురించి రాస్తున్నానంటే ముక్కున వేలేసుకుంటారని తెలుసు. కానీ అమెరికాలో పిల్లలున్న తల్లులు మనలో ఎంతమంది లేరు! అక్కడ కుక్కపిల్లని తెచ్చుకున్నట్టే దీన్నీ కొట్లో కొని తెచ్చి పెంచుకుంటారు. రేపు మీ మనవరాలి గదిలోనూ ఒకటి ఎదురుపడవచ్చు.

ముందే ఒక మాట. మన దేశంలో ఊసరవెల్లిని పట్టి ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. నేను చెప్పేది అక్కడి ముచ్చట. వాళ్ళు పెంచేది యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాల జాతి, నెత్తిమీద టోపీ పెట్టినట్టు ఎత్తుగా వుంటుంది. వెయిల్డ్ కెమీలియన్ అంటారు.

నిరుడు న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఆర్నెల్లు వున్నాను. పదకొండేళ్ళ మనవరాలికి పుట్టినరోజు కానుకగా మా అల్లుడు ఊసరవెల్లి పిల్లని కొనిపెట్టాడు. కొట్లోవాళ్ళు మగది అన్నారట. మా పిల్ల దానికి భీముడని పేరు పెట్టింది. నేను వెళ్ళేసరికి దానికి ఏడాది నిండుతోంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత చెప్పుకునే దాన్ని, మొదటి వారం ఆ గది గుమ్మం తొక్కలేదు. దాని తిండికోసం తెచ్చిన కీచురాళ్ళ డబ్బా వంటింటి గట్టుమీద చూసి, ఆరోజు అన్నం కూడా సయించలేదు.

నెల తిరిగేలోగా నేనే దాని కొమ్మకింద కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. కళ్ళు రెండూ చెరోవైపు తిప్పుతూ మనల్నీ, ఈగనీ ఒకేసారి చూస్తుంది, తెలుసా?

ఒకరోజు మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, భీముడు రెండురోజులనుంచి ఏమీ తినట్లేదు" అంది. వెళ్ళి చూస్తే ఎప్పుడూ కొమ్మ దిగనిది, పంజరం నేలమీద అటూ ఇటూ తిరుగుతోంది. మూలల్లో కాళ్ళతో గోకుతోంది. ఒంటిమీద ముదురు రంగు, దానిమీద పసుపు, నీలం చుక్కలు. పొట్ట చూద్దును కదా, చిక్కుడుకాయలో గింజలు తేలినట్టు ఉబ్బులు ఉబ్బులుగా వుంది.

"ఇది కడుపుతో వుందే" అన్నాను.

మా అమ్మాయి పకపకా నవ్వింది. "అమ్మా, అది మగది. ఒకవేళ ఆడదే అయినా ఇంట్లో ఇదొక్కటే కదా వుంది!"

పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెట్టదూ? మనం బజార్లో కొనే ఫారం గుడ్లన్నీ అలాంటివే. ఈ జాతి ఊసరవెల్లీ అంతే, జత లేకుండానే గుడ్లు తయారుచేసుకుంటుంది. ఒక్కో కాన్పుకి ఇరవై మొదలు డెబ్భై దాకా. ఇక ఆడామగా తేడా చూడటం చాలా తేలికట. మగపిల్లకి పుట్టినప్పటినుంచీ వెనకకాళ్ళ మడమమీద చిన్న ముల్లులాంటిది వుంటుంది, ఆడదానికి వుండదు. భూతద్దం పెట్టి వెతికాం. లేదు.

ఇక్కడే అసలు చిక్కుంది. గుడ్లు పెట్టడానికి చోటు దొరక్కపోతే అది గుడ్లని లోపలే బిగబట్టేస్తుంది. అలా చచ్చిపోయేవి చాలా వుంటాయి. ఆ రాత్రే అడుగు లోతు, అంతే వెడల్పున్న ప్లాస్టిక్ తొట్టి తెచ్చి ఇసుక నింపాం. తడి ఎంత వుండాలన్నది మా అమ్మాయికి అర్థంకాలేదు, నేను చెప్పాను. పిడికిట్లో పట్టితే సున్నుండలా నిలవాలి, పిండితే నీళ్ళు కారకూడదు. అలా అయితేనే అది తవ్విన సొరంగం కూలదు.

తవ్వడం మొదలెట్టింది. మా మనవరాలు ఊరుకుంటుందా? ఐదు నిమిషాలకోసారి తొంగిచూడటం! అది చూసినప్పుడల్లా పని వదిలేసి పైకి వచ్చేసింది. తవ్వేటప్పుడు ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే మానేస్తుందని మాకు తరవాత తెలిసింది. చుట్టూ నా పాత నేతచీర కట్టాం కానీ, అప్పటికే ఆలస్యం అయింది.

మూడోనాడు పొద్దున పట్టపగలు కళ్ళు మూసుకుని నేలమీద పడివుంది. వేలు అందిస్తే పట్టు లేదు.

గుడ్లతో వున్నప్పటి నీరసానికీ జబ్బుకీ తేడా ఇక్కడే కనిపెట్టాలి. గుడ్లతో వున్నది తిండి తగ్గించినా కళ్ళు మెరుస్తూ వుంటాయి, నీళ్ళు తాగుతుంది, ఎక్కుతుంది, తవ్వుతుంది. పగటిపూట కళ్ళు మూసుకున్నా, కళ్ళు గుంటలు పడినా, కొమ్మమీద పట్టు సడలినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా రేపు చూద్దామనుకోకూడదు. రెట్టలో తెల్లగా వుండే భాగం నారింజ రంగుకి తిరిగిందంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయని గుర్తు.

నేను ఆముదం చుక్క వేద్దామన్నాను. అమ్మాయి గుడ్లురిమింది. అదే మంచిదైంది. బలవంతాన నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చునని డాక్టరు చెప్పాడు. కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ దీన్ని చూడరు. మూడుచోట్లకి ఫోన్లు చేస్తే నాలుగోచోట దొరికారు. ఆ నంబరు ముందే రాసిపెట్టుకుని వుండాల్సింది.

ఎక్స్‌రేలో పొట్టనిండా గుడ్లే. సూదితో కాల్షియం, ద్రవాలు ఎక్కించారు. గుడ్లని బయటికి నెట్టే కండరాలకి కాల్షియం కావాలి, లేకపోతే తల్లి ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. మన కాన్పుల్లో పెద్దవాళ్ళు పాలు తాగమని పోరింది గుర్తొచ్చింది. రెండురోజుల్లో పెట్టకపోతే ఆపరేషనే అన్నారు.

తరవాత డాక్టరు అడిగిన ప్రశ్నలకి మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. దీపం ఎప్పుడు మార్చారు? పది నెలలైంది. వెలుగు వస్తూనే వుంది కదా అనుకున్నాం. ఆ దీపంలో కంటికి కనబడని యు.వి.బి. కిరణాలు ముందే అయిపోతాయి, రకాన్ని బట్టి ఆర్నెల్లకో ఏడాదికో మార్చాలి. మాది ఆర్నెల్లది. ఆ కిరణాలు లేనిదే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ ఇందుకు చాలదు. మరి రోజూ ఎన్ని కీచురాళ్ళు? అడిగినన్ని, ముద్దుకొద్దీ. తిండి ఎక్కువైతే గుడ్లూ ఎక్కువవుతాయట. మనవరాలు తలొంచుకుంది. ఇకమీద ఎదిగినదానికి రోజు విడిచి రోజు చాలు, కాల్షియం పొడి అద్ది పెట్టమన్నారు. గిన్నెలో నీళ్ళని ఇది గుర్తుపట్టదు, ఆకులమీద చినుకులు పడితే నాకుతుంది. బిల్లు చూసి మా అల్లుడు మాట్లాడలేదు.

ఆరాత్రి గది తలుపేసి ఎవ్వరం పోలేదు. మర్నాడు మధ్యాహ్నం చూస్తే ఇసుక చదునుగా పూడ్చివుంది, భీముడు కొమ్మమీద బక్కచిక్కి నిద్రపోతోంది. తవ్వితే నలభైఆరు తెల్లటి గుడ్లు, మెత్తగా, చింతగింజలంత. జత లేనివి కనక పిల్లలు కావు, పారేశాం. పారేసేటప్పుడు మా పిల్ల ఏడ్చింది. సాయంత్రం ఆకులమీద నీళ్ళు చిలకరిస్తే పావుగంట ఆపకుండా తాగింది.

ఇంకో సంగతి. దాన్ని గాని పంజరాన్ని గాని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, దాని సామాను వంటింటి సింకులో తోమకూడదు. సాల్మొనెల్లా అనే క్రిమి వుంటుంది. ఈ ఒక్క విషయంలో నా ఆచారాన్ని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

మొన్న ఆదివారం మనవరాలు ఫోన్ చేసింది. భీముడు మళ్ళీ కింద గోకుతోందట. తొట్టి పెట్టారు, నా చీర కట్టారు. "నేను చూడట్లేదు అమ్మమ్మా, ప్రామిస్" అంది గుసగుసగా, హాల్లోంచి.