పానం బాగలేదని చెప్పు బిడ్డా

పోయిన వానకాలం సంగతి. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న మా పెద్దమ్మాయి పొద్దున్నే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "ఫీలింగ్ అండర్ ది వెదర్, అమ్మా" అని. నాకు తెలిసిన మాట వెదర్ ఒక్కటే. అక్కడా ముసురు పట్టిందేమో అనుకుని, "ఇక్కడ కూడా వానే, గొడుగు మర్చిపోకు" అని జవాబిచ్చి వంటపనిలో పడ్డాను.

మర్నాడు సాయంత్రం దాని రూమ్మేట్ ఫోన్ చేసింది. "ఆంటీ, తనకి జ్వరం 102 ఉంది" అని. అండర్ ది వెదర్ అంటే ఒంట్లో బాగాలేదని అర్థమట! బిడ్డ చెప్పుకుంది, తల్లికి అందలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెళ్లి ఖిలా వరంగల్ తీసుకొచ్చాం. మా అత్తమ్మ నుదురు పట్టి చూసి, "పానం బాగలేదని చెప్పనీకి ఏమైందే బిడ్డా?" అంది. అది నా వైపు తిరిగి, "నేను పుస్తకం చదివినట్టు ఇంగ్లీష్ మాట్లాడుతున్నానని క్లాసులో నవ్వుతున్నారమ్మా. అందుకే రోజుకు ఇరవై ఇడియమ్స్ బట్టీ పడుతున్నా. అలవాటై నీకూ అదే పెట్టేశా" అంది. ఇంక ఏమని కోప్పడను?

ఇడియమ్స్ నేర్చుకోవద్దని నేననను. ఇంటర్వ్యూకి, ఉద్యోగానికి అవి కావాలి. కానీ ఎడమవైపు మాట, కుడివైపు అర్థం రాసుకుని బట్టీ పడితే రావని మాత్రం గట్టిగా అంటాను. కిక్ ద బకెట్ అంటే చనిపోవడం అని దాని నోట్‌బుక్‌లో ఉంది. నిజమే. మనకీ 'బాల్చీ తన్నేశాడు' అనే మాట ఉంది కదా. పరామర్శకు వెళ్లిన ఇంట్లో ఆ మాట అంటామా? ఎక్కడ అనాలో, ఎవరితో అనకూడదో మనకు ఎవరూ రాసివ్వలేదు. అమ్మమ్మలు, నానమ్మలు మాట్లాడుతుంటే విని నేర్చుకున్నాం.

జ్వరం తగ్గాక సాయంత్రాలు కోటలో తోరణాల వైపు నడవడానికి వెళ్లేవాళ్లం. అది ఒక ఇడియమ్ చెప్పి, ఎప్పుడు వాడతారో చెప్పాలి. మేం మన మాట వెతకాలి. పీస్ ఆఫ్ కేక్ అంటే నల్లేరు మీద బండి నడక. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంది. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అంటారట, రెండున్నరేళ్లకో, మూడేళ్లకో వస్తుందట. మనం పుష్కరానికోసారి అంటాం, అంటే పన్నెండేళ్లు! న్యూకాసిల్‌కి బొగ్గులు మోయడం అంటే, సింగరేణికి బొగ్గు పంపినట్టే. నానమ్మకు గుడ్డు తాగడం నేర్పొద్దని ఇంగ్లీష్ వాళ్లంటారని చెబితే, అత్తమ్మ "తాతకు దగ్గులు నేర్పినట్టు" అని తనే అందుకుంది. రోమ్ ఒక్కరోజులో కట్టలేదు అన్నప్పుడు రాతికోట గోడ చూపించాను. గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి కాలానికి గానీ పూర్తి కాలేదు కదా!

అలా చెప్పుకున్నవి ఒక్కటీ అది మర్చిపోలేదు. ఇంటి సామెత తెలిసిన పిల్లకు ఇంగ్లీష్ ఇడియమ్ చుట్టమైపోతుంది. 1868లోనే కెప్టెన్ కార్ అనే ఇంగ్లీష్ సైనికాధికారి మన సామెతలు పోగుచేసి, ఇంగ్లీష్ అర్థాలతో మద్రాసులో పుస్తకం వేశాడు. మన మాట అర్థం కావాలంటే సామెతలు తెలియాలని ఆయనకు అనిపించింది. మనమేమో పిల్లలు సామెత అంటే "పల్లెటూరి మాటలు" అని ఆపేస్తున్నాం.

ఇంకొక్క మాట. ఇడియమ్ అవతలివాళ్లకు తెలిస్తేనే అందం. ఆకలి, నొప్పి, భయం చెప్పుకునేటప్పుడు అందం అక్కర్లేదు. నేనూ రోజుకు ఒక ఇడియమ్ నేర్చుకుంటున్నాను, బిడ్డ మాట మళ్లీ నాకు అందకుండా పోకూడదని. దానికి మాత్రం ఒకటే చెప్పాను: "క్లాసులో ఎన్నైనా వాడు బిడ్డా. ఒంట్లో బాగాలేకపోతే మాత్రం పానం బాగలేదనే చెప్పు."

మీరూ ఈ రోజు వంట చేస్తూ పిల్లల్ని ఒక ఇడియమ్ అడగండి. బదులుగా మీ అమ్మ చెప్పిన సామెత ఒకటి చెప్పండి.