తలనొప్పి బిళ్ళ – పిల్లికూతలు

పిల్లలూ! తాతయ్యకు తలనొప్పి వస్తే, "కొట్టుకు పోయి బిళ్ళ పట్టుకురా" అని మిమ్మల్నే పంపుతారు గదా. కొట్టువాడు అట్టలోంచి ఒక బిళ్ళ కత్తిరించి ఇస్తాడు. మందు పేరు మిగతా ముక్క మీదే ఉండిపోతుంది. తాతయ్యకు ఉబ్బసం ఉన్నదా అని అతను అడగడు.

నొప్పి మందుల్లో ప్రసిద్ధమైనది ఆస్పిరిన్. ఇది 1899లో జర్మనీలో ఆ పేరుతో వెలువడింది. కొందరు ఉబ్బస రోగులకు ఇది పడదని 1922లో ఫ్రాన్సులో విడాల్ అనే వైద్యుడు వివరంగా రాశాడు. ఆస్పిరిన్ నొప్పిని ఎలా తగ్గిస్తుందో మటుకు 1971లో గాని తెలియలేదు. దాన్ని కనిపెట్టిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

మన శరీరంలో ఒకే ముడిసరుకు రెండు దారులు పడుతుంది. ఒక దారిలో నొప్పినీ, వాపునూ కలిగించే రసాయనాలు తయారవుతాయి. రెండో దారిలో పుట్టే లూకోట్రయీన్లు ఊపిరిగొట్టాలను బిగిస్తాయి. వీటిని అదుపులో పెట్టే పదార్థం మొదటి దారిలోనే ఉన్నది. ఆస్పిరిన్ ఆ మొదటి దారిని మూస్తుంది. ఒక తూము మూస్తే నీళ్ళు రెండో తూముకు ఎగదన్నినట్టు, కొందరిలో లూకోట్రయీన్లు పెచ్చుపెరుగుతాయి. తలనొప్పి తగ్గుతుంది గాని, ఊపిరాడదు!

ఇది అందరికీ జరగదు. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళు 100 మందిలో సుమారు 7గురికి జరుగుతుంది. ముక్కులో కండ పెరిగి వాసన తెలియనివాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఈ వంశానివే. డిస్ప్రిన్ అంటే ఆస్పిరినే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ రెండూ ఉన్నాయి. 2018 దాకా అట్ట మీద పెద్ద అక్షరాలలో ఉండేది అంగడి పేరు. అసలు మందు పేరు కింద చీమ తలకాయలంత అక్షరాలలో ఉండేది. నన్నడిగితే అది అన్యాయం. మీ కళ్ళు చురుకైనవి, చదివి తాతయ్యకు చెప్పండి.

మామూలు మోతాదులో పారాసెటమాల్ ఇలాంటివారిలో చాలామందికి పడుతుంది. మోతాదు మించితే కాలేయం చెడుతుంది. 16 ఏళ్ళలోపువారికి డాక్టరు చెప్పనిదే ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గుండెజబ్బుకు డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మనంతట మనం మాన్పించరాదు. ఉబ్బసం సంగతి ఆయనకే చెప్పి అడగాలి.

బిళ్ళ వేసుకున్న అరగంట మొదలు మూడు గంటల లోపల ముక్కు కారి, కళ్ళెర్రబడి, పిల్లికూతలు మొదలైతే తాతయ్యను పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, ఆయన ఇన్‌హేలర్ చేతికిచ్చి, వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఆ బిళ్ళ అట్ట దొరికితే ఆస్పత్రికి వెంట తీసుకుపోండి.