ఒక మెట్టు, నాలుగు గొంతులు

పద్యనాటకానికి కీబోర్డు పనికిరాదని వాదించే శుద్ధవాదులతో నాకు పేచీ ఉన్నది. ఏ మెట్టు నొక్కినా నాలుగు వాద్యాలు ఒక్కుమ్మడిగా మోగితేనే ‘నిండుదనం’ అని నమ్మే నవీనులతో అంతకంటె పెద్ద పేచీ ఉన్నది. మొదటివారి సంగతి త్వరగా తేల్చి రెండవవారి దగ్గరకు వస్తాను.

ఒక మెట్టుకు రెండు గొంతులు తగిలించడం కంప్యూటరుతో పుట్టిన అపచారం కాదు. మన హార్మోనియంలోనే బేస్ రీడ్లు, మేల్ రీడ్లు అని రెండు వరుసలుంటాయి. రెండూ కలిసే పలుకుతాయి. కప్లర్ ఉన్న పెట్టెలో ఒక మెట్టు నొక్కితే మరొక స్థాయిలోని మెట్టు తనంతట తానే దిగుతుంది. ఇక చర్చి ఆర్గన్‌లో ఈ ఏర్పాటు శతాబ్దాల నాటిది. 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని బహిష్కరించి 1971లో ఆ నిషేధాన్ని సడలించుకొన్నది. ఆ మధ్యకాలమంతా మన రంగస్థలం హార్మోనియాన్ని వదలనేలేదు. కనుక పెట్టె మారగానే సంప్రదాయం గతించిందన్న శోకం నాకు రుచించదు.

ఇక రెండవ పక్షం. సాఫ్టువేరులో స్ప్లిట్ అనీ లేయర్ అనీ రెండు ప్రక్రియలున్నాయి. మెట్ల వరుసను ఒకచోట విరిచి ఎడమభాగానికి ఒక వాద్యాన్ని, కుడిభాగానికి మరొకదాన్ని కేటాయించడం స్ప్లిట్. ఒకే మెట్టు మీద వాద్యాలను పొరలు పొరలుగా పేర్చడం లేయర్. మొదటిది పదచ్ఛేదం వంటిది, రెండవది శ్లేష వంటిది. శ్లేష భూషణమే, అయితే ప్రతి పద్యంలోను శ్లేషించేవాణ్ణి ఎవరు భరిస్తారు? రామకథనూ భారతకథనూ ఒకే కావ్యంలో ఇమిడ్చిన పింగళి సూరన కూడా కళాపూర్ణోదయంలో ఆ పని చేయలేదు.

ఈ పొరల మోజుకు రసికత కంటె బద్ధకమే ఎక్కువ కారణమని నా అభియోగం. ఏబుల్‌టన్ లైవ్‌లో ఇన్‌స్ట్రుమెంట్ రాక్ అని ఒకటుంది. అందులో రెండు వాద్యాలు వేస్తే చాలు, 0 నుంచి 127 వరకు ఉన్న మిడి స్వరాలన్నిటి మీద రెండూ మోగుతాయి. ఎవరూ పూనుకోనక్కరలేదు, లేయర్ తనకు తానే ఏర్పడుతుంది. స్ప్లిట్ కావాలంటే మాత్రం ఏ వాద్యం ఎక్కడ ఆగాలో కూర్చొని ఆలోచించి దాని హద్దులను కుదించాలి. (ఆ హద్దు పేరులోనూ గందరగోళమే. 60వ సంఖ్య గల స్వరాన్ని ఒక కంపెనీ సి3 అంటుంది, మరొకటి సి4 అంటుంది.)

‘హార్మోనియంలోనూ పొరలున్నాయని మీరే అన్నారు కదా’ అని అడుగుతారు. ఉన్నాయి. అయితే అక్కడ అన్ని రీడ్లకూ ఊపిరి ఒకే తిత్తి నుంచి వస్తుంది. కలిసి పలుకుతాయి, కలిసి ఆగుతాయి. సాఫ్టువేరు పొరల్లో దేని అటాక్ దానిది, దేని రిలీజ్ దానిది. హార్మోనియం పొర వేలితోపాటే ఆగుతుంది. దాని కింద పరచిన వయొలిన్ల పొర వేలు తీసిన తరువాత కూడా సాగుతూనే ఉంటుంది. దానికి తోడు సస్టెయిన్ పెడల్ తొక్కారంటే, ప్రత్యేకంగా అడ్డుకట్ట వేయనంతవరకు, ఆ ఆజ్ఞ అన్ని పొరలకూ చేరుతుంది.

ఆ సాగుడు వల్ల నష్టపోయేది పద్యం. ‘అటు’ అన్న మాటకూ ‘అట్టు’ అన్న మాటకూ భేదమెక్కడున్నది? టకారం పేలడానికి ముందు నోరు మూసుకొన్న ఆ లిప్తపాటు నిశ్శబ్దం ఎంతసేపన్నదే ప్రధానమైన భేదం. మొదటిది రెండు లఘువులు, రెండవది గురులఘువులు. ఆ నిశ్శబ్దాన్ని వయొలిన్ల మంద పూడ్చివేస్తే ద్విత్వం తేలిపోతుంది, గణం చెవికి అందదు, ద్విత్వానికి ద్విత్వమే ప్రాసగా నిలిపిన కవి శ్రమ వృథా అవుతుంది. గాయకుడు పాపం గొంతు చించుకొంటాడు. వెనుక వరుసలోని ప్రేక్షకుడు పద్యం అర్థం కావడం లేదని భాషను నిందిస్తాడు. తెలుగు పద్యం కఠినమన్న అపవాదులో ఎంత వంతు ఈ పొరలదో ఎవరైనా ఆలోచించారా?

‘పొర తీస్తే బోసిగా ఉంది’ అంటారు. సమాన బలం గల రెండు భిన్న నాదాలు కలిస్తే మట్టం ఇంచుమించు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. బిగ్గరగా వినిపించేదాన్ని చెవి మెరుగైనదిగా భ్రమిస్తుంది. మొత్తాన్ని ఆ మేరకు తగ్గించి మళ్లీ పోల్చి చూడండి, అప్పుడు వాదిద్దాం.

గమకం సంగతి మరీ అన్యాయం. ఒక పొరకు పిచ్ బెండ్ పరిధి రెండు అర్ధస్వరాలు, మరొక పొరకు పన్నెండు అని ఉన్నదనుకోండి. చక్రం ఒక్కటే తిప్పుతాము, ఒక వాద్యం గడప దాటేసరికి రెండవది ఊరు దాటుతుంది. ఆ పరిధులను సమానం చేయడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు కూడా పెట్టనివారు నిండుదనం గురించి ఉపన్యసిస్తున్నారు.

లేయర్‌ను నిషేధించమని నేననడం లేదు. నిషేధాలు ఏమయ్యాయో పైన చెప్పాను. ఎడమచేతి కింది స్థాయిలో తంబుర శ్రుతి ఒక్కటి ఉంచండి. దానికి పైన స్ప్లిట్ చేసి, కుడిచేతికి ఒంటరి హార్మోనియం ఇవ్వండి. వయొలిన్ల పొర కావలసినదే అయితే దాని రిలీజ్‌ను కుదించి, సస్టెయిన్‌ను దానికి చేరనీయక, దానికి విడిగా ఒక ఫేడర్ కేటాయించండి. నటుడు పద్యం ఎత్తుకోగానే ఆ ఫేడర్‌ను అడుగంటా దించండి. చివరి పాదం ముగిసి రాగాలాపన అందుకొన్నప్పుడు, కావాలంటే, మెల్లగా పెంచుకోండి.