ప్రయాణానికి ముందు ఖాతా

మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. మక్కావాసులు తమ వద్ద దాచుకున్న అమానతులను ఎవరివి వారికి అప్పగించి రమ్మన్నది ఆయనకు ఒప్పజెప్పిన పని. తమను ఊరు విడిచేలా చేసినవారి సొమ్ము సైతం లెక్క తప్పకుండా చేరాలన్నది వారి పట్టుదల. ఇల్లు విడిచి పరదేశం వెళ్ళేవాడు మొదట చక్కబెట్టుకోవలసింది లెక్కలేనని మన చరిత్రే చెబుతోంది.

నాగోల్ నుండి ఒక సోదరి మాకు వ్రాశారు. కుమారుడు ఉద్యోగానికి దోహా వెళ్తున్నాడు. తండ్రి లేడు. ఇంట తల్లి, కోడలు, ఏడాది నిండిన మనుమడు ఉంటారు. ఇప్పుడున్న ఖాతా సరిపోదా, కొత్తది ఎవరి పేరిట తెరవాలి, దానిపై వచ్చే వడ్డీని ఏం చేయాలి అని ఆమె అడిగారు. ఇవి ఒక్క ఇంటి ప్రశ్నలు కావు గనుక ఈ నెల శీర్షికను వీటికే కేటాయిస్తున్నాము.

ఉన్న ఖాతాను ఉన్నట్టే వాడుకోవడం కుదరదు. ఉద్యోగం కోసం దేశం విడిచిన వ్యక్తిని విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (1999) ప్రవాసిగా పరిగణిస్తుంది. అతడి పాత పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించాలి. ఇక్కడి ఆదాయం, అంటే మేడమీది గది అద్దె, స్కూటరు అమ్మిన డబ్బు, తీరిన చిట్టీ సొమ్ము దానిలోకి వస్తాయి. దోహాలో సంపాదించినదాన్ని దాచుకోవడానికి ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరే ఉంటుంది. ఎన్.ఆర్.ఇ.లోని సొమ్మును ఎప్పుడైనా తిరిగి విదేశానికి తీసుకుపోవచ్చు. ఎన్.ఆర్.ఓ. నుండి పంపాలంటే ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల పరిమితి, పన్ను పత్రాల తతంగం ఉన్నాయి. మన ఇళ్ళకు ఆ పరిమితి ఎన్నడూ అడ్డురాదు, తతంగమే అడ్డువస్తుంది. కనుక రెండు ఖాతాల డబ్బు కలవకుండా చూసుకోవాలి.

ఎన్.ఆర్.ఇ. వడ్డీపై ఆదాయపు పన్ను లేదని బ్యాంకు ప్రతినిధులు ఎంతో ఉత్సాహంగా చెబుతారు. వడ్డీ ముట్టనివానికి దానిపై పన్ను లేకపోతేనేమి, ఉంటేనేమి! అయితే ఈ రెండు ఖాతాలనూ పొదుపు ఖాతాగానే తెరవాలన్న నియమం లేదు. వడ్డీ లేని కరెంటు ఖాతాగానూ తెరవవచ్చు. దానిలో ఉంచవలసిన కనీస నిల్వ సాధారణంగా ఎక్కువ. నెల జీతంలో అధికభాగం ఇంటికే పంపేవాడు అది మోయలేడు. మోయగలిగినవారు కరెంటు ఖాతాయే ఎంచుకోవాలన్నది మా అభిప్రాయం. మోయలేనివారు పొదుపు ఖాతా తెరిచి, జమ అయిన వడ్డీని ప్రతిసారీ విడిగా వ్రాసుకొని, పుణ్యఫలం ఆశించకుండా నిరుపేదలకు ఇచ్చివేయాలి. దానిని బ్యాంకుకే వదిలివేయరాదని మన దేశపు ఉలమాలలో అనేకులు తీర్పు చెప్పారు. దానిని జకాత్‌గా లెక్కించరాదు. అసలు సొమ్ముపై జకాత్ వేరుగా విధి.

వడ్డీలేని బ్యాంకు మన దేశంలో ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. 2008లో రఘురాం రాజన్ కమిటీ అటువంటి సదుపాయాన్ని సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించినట్లు 2017లో రిజర్వు బ్యాంకు తెలిపింది. ఆ ఖాళీలోనే హలాల్ లాభాలంటూ డబ్బు పోగుచేసే సంస్థలు పుట్టుకొచ్చాయి. 2019 జూన్‌లో బెంగళూరు ఐ.ఎం.ఎ. సంస్థ కూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయి. బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. ఈ సంస్థలకు అది లేదు. గడ్డం చూసి డబ్బు అప్పగించడం ధర్మనిష్ఠ అనిపించుకోదు.

ఇక బ్యాంకుకు వెళ్ళే ముందు పేరు సరిచూసుకోవాలి. మన పిల్లల కాగితాలలో ఒకే పేరు నాలుగు రూపాలలో ఉంటుంది. ఆధార్‌లో 'మొహమ్మద్', పాన్ కార్డులో 'ఎం.డి.', పాస్‌పోర్టులో 'మహమ్మద్', పదవ తరగతి మెమోలో 'షేక్' ముందు ఒకచోట, వెనుక ఒకచోట. గుమాస్తాకు ఆ నలుగురూ ఒకే మనిషని తెలియదు. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలనే ప్రమాణంగా పెట్టుకొని మిగిలినవి ప్రయాణానికి ముందే దిద్దించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, పాన్, ఫోటోలు, అక్కడి చిరునామా రుజువు అడుగుతారు. చిరునామా రుజువు అక్కడికి చేరాకగాని దొరకదు కదా! కొన్ని బ్యాంకులు వీసా, నియామకపత్రం చూసి ముందుగానే దరఖాస్తు తీసుకుంటాయి. ఏ బ్యాంకు అనేదానికంటే ఏ శాఖ అన్నది ముఖ్యం. ప్రవాసి ఖాతాల పని తెలిసిన ఉద్యోగి ఉన్న శాఖ, తల్లి ఎవరినీ బతిమాలకుండా నాగోల్‌లో నడిచి వెళ్ళగల శాఖ అయితే మేలు.

ఫోను నంబరు సంగతి చిన్నదిగా కనబడుతుంది. రీచార్జి లేక సిమ్ము ఆగిపోతే బ్యాంకు పంపే ఓటీపీ అందదు. కొంతకాలానికి ఆ నంబరు మరొకరి చేతికి పోతుంది. ఖతర్ నంబరుతోనే యు.పి.ఐ. వాడుకొనే వీలును 2023లో కల్పించారు. మీ బ్యాంకు ఆ సదుపాయం ఇస్తున్నదో లేదో ముందే అడగండి. రెండేళ్ళకు మించి లావాదేవీ లేని ఖాతా స్తంభించిపోతుందనీ గుర్తుంచుకోండి.

"వెళ్ళిపోతున్నావుగా, నీ పాత ఖాతా, ఏటీఎం కార్డు మాకివ్వు, కొంత ముట్టజెబుతాం" అనేవారు ఎదురైతే ఆ మాట అక్కడే తెంచివేయాలి. అటువంటి ఖాతాలగుండా మోసపు సొమ్ము నడుస్తోంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరిట ఉంటే వారి ఇంటికే. అప్పుడు కొడుకు దోహాలో, తల్లి ఠాణాలో!

ఎవరి పేరిట అన్నది సోదరి ప్రశ్నలన్నిటిలో బరువైనది. ఎన్.ఆర్.ఇ. ఖాతాలో భారతదేశంలో ఉన్న సమీప బంధువును జతచేయవచ్చు. కాని మొదటి ఖాతాదారు జీవించి ఉండగా ఆ బంధువు అధికారపత్రం మీదనే దానిని నడపగలరు. ఇంటి ఖర్చులకు, ఇక్కడి చెల్లింపులకు ఆ అధికారం చాలు. ఖాతాదారు తరఫున ఆ డబ్బును ఎవరికీ కానుకగా ఇచ్చే హక్కు వారికి లేదు. కుటుంబాలు విడిపోయేది ఇక్కడే. పదేళ్ళు ఎడారిలో కష్టపడి తిరిగివచ్చినవాడు, తన డబ్బుతో కొన్న స్థలం అన్న పేరిట ఉందని తెలుసుకొని మ్రాన్పడిపోయిన వైనం మేము ఒకటికి రెండు ఇళ్ళలో చూశాము. అన్న దొంగ కాదు. లెక్క వ్రాయలేదు, అంతే. అప్పు వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకొమ్మన్న ఆజ్ఞ బఖరా సూరా 282వ ఆయతులో ఉంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు అదే. పంపిన మొత్తంలో ఇంటిఖర్చు ఎంత, తల్లికి కానుక ఎంత, దాచమన్నది ఎంత అని కొడుకు ప్రతి నెలా ఒక్క వాక్యం వ్రాసి పంపితే చాలు.

నామినీ విషయంలో అపోహ బలంగా ఉంది. నామినీ సొమ్ముకు యజమాని కాడు. బ్యాంకు నుండి అందుకొని వారసులకు పంచవలసిన ధర్మకర్త. సుప్రీం కోర్టు 2010లో ఇదే చెప్పింది. 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకొనే వీలు వచ్చింది. ఎవరికెంత వాటా అన్నదీ వ్రాయవచ్చు. అల్లాహ్ చిరాయువు ప్రసాదించుగాక, ఆ కుమారునికి ఏదైనా జరిగితే, నిసా సూరా ప్రకారం అప్పులు, చెల్లించని మహర్, వసీయతు తీరిన తర్వాత తల్లికి ఆరవ వంతు, భార్యకు ఎనిమిదవ వంతు, మిగిలినది మనుమనికి. కోడలి పేరు ఒక్కటే ఉందని తల్లి దిగులుపడనక్కరలేదు, తన పేరు ఒక్కటే ఉందని కోడలు అంతా తనదే అనుకోనూరాదు. ఇద్దరి పేర్లూ వ్రాయించడం ఉత్తమం. బిడ్డలు పెరిగితే, ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే నామినేషన్‌ను మళ్ళీ మార్పించాలి. నామినేషన్ అందినట్లు బ్యాంకు ఇచ్చే రసీదు ఒక నకలు తల్లి వద్ద, ఒక నకలు కోడలి వద్ద ఉంచి, ఆ తర్వాత అబ్బాయిని విమానం ఎక్కించండి.